టాపుకు ముందు ఇరవై

హిందూపురంలో తిరుపాల్ అంటే ఏ తిరుపాల్ అని అడుగుతారు. టైమింగ్ తిరుపాల్ అంటే మాత్రం ఎవరైనా పరిగి రోడ్డు వైపు వేలు చూపిస్తారు. అక్కడ ఒక జెరాక్సు షాపు, దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డు బోర్డు మీద రంగు సగం పోయింది. 'టైమింగ్' అన్న మాట మాత్రం కొత్తగా మెరుస్తూ ఉంటుంది, ఎందుకంటే ఏడాదికోసారి ఆ ఒక్క మాట మీద తిరుపాలే రంగు పూసుకుంటాడు.

అతనిది లేపాక్షి దగ్గర పల్లె. వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. తిరుపాల్‌కు గొర్రెల మీద ఇష్టం కుదరలేదు, గొర్రెలకూ అతని మీద కుదరలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు హిందూపురం వచ్చి ఒక మోటారు షెడ్డులో చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, ఆ షెడ్డులో ఎవరికీ రాని పని ఒకటి అతనికి పట్టుబడింది.

ఇంజిను లోపల పెట్రోలునూ గాలినీ కలిపి నలుపుతారు. అలా నలిగినదానికి సరైన క్షణంలో నిప్పురవ్వ తగలాలి. రవ్వ తొందరపడితే ఇంజిను తన్నుతుంది, ఆలస్యమైతే ఏడుస్తుంది. ఆ క్షణాన్ని కుదర్చడమే టైమింగ్. తిరుపాల్ దగ్గర దానికి ఉన్న సామాను రెండే రెండు. ఒకటి సైకిలు స్పోకు. ప్లగ్గు తీసిన బెజ్జంలో దాన్ని దించితే లోపల పిస్టన్ పైకి వచ్చేకొద్దీ స్పోకూ పైకి లేస్తుంది, అది లేచి ఆగిన చోటు టాప్. రెండోది సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం. రవ్వను పుట్టించే రెండు పాయింట్ల మధ్య ఆ కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ ఉండేవాడు. పాయింట్లు విడిపోయి కాగితం చేతికి జారిన క్షణమే రవ్వ పుట్టే క్షణం. అక్కడ బిగించి, ఇంజిను స్టార్టు చేసి, కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి ఉంటే చెవులు సరిగా పనిచెయ్యవని అతని సిద్ధాంతం.

ఒకసారి కొత్తచెరువు డాక్టరు కారును ముగ్గురు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారు. తిరుపాల్ అరగంట కళ్లు మూసుకుని విని, ఒకే ఒక్క భాగాన్ని వెంట్రుకవాసి తిప్పి, తీసుకుపొమ్మన్నాడు. ఆ డాక్టరే పేరు పెట్టి, బోర్డు రాయించి పంపాడు. అప్పటినుంచి టైమింగ్ విషయంలో అతనితో వాదించి గెలిచినవాడు లేడు. వాదించిన ప్రతిసారీ అతనే ఒప్పు కావడంతో మనిషికి కొంచెం పొగరు కూడా పట్టింది.

ఆ తర్వాత బండ్లలోంచి పాయింట్లు పోయాయి. రవ్వ సంగతి చిన్న చిప్పు చూసుకోవడం మొదలైంది. ఇప్పటి మెకానిక్కులు ల్యాప్‌టాప్ తగిలించి, బండికి ఏం జబ్బో తెర మీద చదువుతారు. అరవై రెండేళ్ల తిరుపాల్ దగ్గరికి పాత యెజ్డీ మోటారు సైకిళ్ల మోజున్నవాళ్లు అప్పుడప్పుడూ వస్తారు. మిగతా సమయంలో పక్క షాపులో కూతురు మంజు జెరాక్సులు తీస్తుంటే కాగితాలు సర్ది ఇస్తుంటాడు. ఆ పని అతను బాగానే చేస్తాడు, కానీ ఎవరైనా చూస్తుంటే చెయ్యడు.

పెనుకొండ నుంచి ఈశ్వరప్ప ఫోను చేసింది అలాంటి రోజుల్లోనే.

ఈశ్వరప్ప ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. యాభై ఏళ్లు దాటాక అందరికీ మోకాళ్ల నొప్పులు వస్తే, ఆయనకు విమానం కట్టాలన్న కోరిక వచ్చింది. పెనుకొండ అవతల తన మెట్టపొలంలో షెడ్డు వేసి, పదకొండేళ్లుగా ఒకే ఒక్క విమానం కడుతున్నాడు. మధ్యలో బెంగళూరు దగ్గర క్లబ్బులో చేరి చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నాడు. ఆయన భార్య సుజాతది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. రెక్కల మీది గుడ్డ కుట్టింది ఆమే. కుట్టినంత మాత్రాన తనకు ఈ పని ఇష్టమని ఎవరూ అనుకోకూడదని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఎగిరే పరీక్షకు కావాల్సిన అనుమతులు ఎట్టకేలకు వచ్చాయి. సోమవారం లారీ వస్తుంది, రెక్కలు విప్పి, విమానాన్ని కర్ణాటకలో ఒక చిన్న రన్‌వే దగ్గరికి తీసుకుపోతారు. అక్కడ ఈశ్వరప్పే కూర్చుని ఎగరాలి.

చిక్కంతా ఇంజినుది. అది ఎప్పటిదో జపాన్ కారులోని రోటరీ ఇంజిను, బెంగళూరు పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొన్నది. దానికి ఇంకా పాయింట్లే ఉన్నాయి. పాయింట్లను చేత్తో ముట్టి టైమింగ్ పెట్టగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడని ఎవరో ఆయనకు చెప్పారు.

శుక్రవారం పొద్దున తిరుపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు. విమానానికి టైమింగ్ పెట్టబోతున్నానని మంజుకు ఒకసారి, కండక్టరుకు రెండుసార్లు చెప్పాడు.

షెడ్డులోకి అడుగుపెడుతూనే పరువు పోయినంత పనైంది. ప్లగ్గు విప్పి, అలవాటుగా జేబులోంచి స్పోకు తీసి బెజ్జంలో దించబోయాడు. ఈశ్వరప్ప గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. ఇందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ లేదు, మూడు మూలల దిమ్మె ఒకటి గుండ్రంగా తిరుగుతుంది, దాని మూలల్లో పల్చటి సీళ్లు ఉంటాయి, స్పోకు తగిలితే అవి పాడైపోతాయి అని వివరించాడు. నలభై ఏళ్ల సామానులో సగం తిరిగి జేబులోకి పోయింది. తిరుపాల్‌కు చెవులు వేడెక్కాయి. ఇక ఇంకోసారి తెలియదనిపించుకోకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాడు.

టాప్ ఎక్కడో ఈశ్వరప్పే పుస్తకం చూసి లెక్క కట్టాడు. ఇంజిను కొసన ఒక పుల్లీ ఉంటుంది. పాతది లేదు కాబట్టి, కొత్తది లేతులో తీయించి, అంచున ఒక గాటు పెట్టించాడు. పుల్లీ వెనక ఇంజిను ఒంటికి, ఫ్లెక్సీ షాపులో అచ్చు వేయించిన కొలత పట్టీ అంటించాడు. పట్టీ మధ్యలో టాప్ గీత, దానికి అటూ ఇటూ పది, ఇరవై, ముప్పై అని డిగ్రీల అంకెలు. పుల్లీ తిరిగితే గాటు ఎడమ నుంచి కుడికి ఆ పట్టీ మీదుగా పోతుంది.

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ 'ముందు' అన్న మాటను ఓ నలభై సార్లు వాడి ఉంటారు. ఆ ఇంజినులో ఒక్కో గదికి రెండు ప్లగ్గులు. వాటికి ముందు ప్లగ్గు, వెనక ప్లగ్గు అని పేర్లు పెట్టుకున్నారు, ముందు ప్లగ్గు కింద ఉంటే వెనక ప్లగ్గు పైన ఉంది. విమానానికి ముందు ఫ్యాను ఉంది. ముందు టీ తాగుదామన్నారు. ఇన్ని ముందుల మధ్య ఈశ్వరప్ప పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, టాపుకు ముందు ఇరవై దగ్గర గుర్తు పెట్టమన్నాడు. తిరుపాల్ అలాగే అన్నాడు. మంజు దగ్గర తెచ్చుకున్న ఎర్ర గోళ్ల రంగుతో ఇరవై అంకె దగ్గర చుక్క పెట్టాడు. చుక్క దగ్గరికి గాటును తెచ్చి, పాయింట్ల మధ్య కాగితం పెట్టి, లాగుతూ, అది జారిన చోట బిగించాడు. ఈశ్వరప్ప ఆ పని చూస్తూ పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తిరుపాల్‌కు పోయిన పరువు తిరిగొచ్చింది.

సాయంత్రం పొద్దు వాలుతుండగా విమానం తోకకు మోకు కట్టి, భూమిలో పాతిన రాతికూసానికి బిగించారు. మధ్యలో చింతపండు మండీ నుంచి తెచ్చిన పెద్ద వేలాడే కాటా తగిలించారు, ఫ్యాను ఎన్ని కిలోల బలంతో లాగుతుందో చూడటానికి. ఈశ్వరప్ప లోపల కూర్చున్నాడు. లోకల్ చానల్ కుర్రవాడొకడు ఫోనులో వీడియో తీస్తూ నిలబడ్డాడు. సుజాత దూరంగా చెవులు మూసుకుని నిలబడింది. ఇంజిను రెండో తిప్పుకే అందుకుంది. ప్లగ్గు రవ్వకు వెలిగే లైటు పట్టి చూస్తే, గాటు సరిగ్గా ఎర్ర చుక్క దగ్గర నిలబడ్డట్టు కనబడింది. ఈశ్వరప్ప పూర్తి వేగానికి తెచ్చి నాలుగు నిమిషాలు ఉంచాడు. తిరుపాల్ కళ్లు మూసుకుని విన్నాడు. ఎక్కడా తన్ను లేదు, దడ లేదు. ఇంత మెత్తగా పలికిన ఇంజినును అతను ఎన్నడూ వినలేదు.

కాటా నూట ముప్పై చూపించింది. రెండు వందలు రావాలని ఈశ్వరప్ప లెక్క. కాటా పాతది కదా అని ఆయనే అనేసుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత ఫ్యాను తిరిగిన రోజున ఎవరు మాత్రం కాటా మాట నమ్ముతారు.

తిరుపాల్ బయలుదేరుతుంటే సుజాత గేటు దాకా వచ్చింది. అతను ఇంజిను గురించి ఏదో చెప్పబోతే ఆపి, ఒక్క మాటే అడిగింది.

"అన్నా, నాకు మిషన్లు తెలీవు. మా ఇంటాయన దాంట్లో కూర్చోవచ్చునా?"

"నిక్షేపంగా కూర్చోవచ్చమ్మా. ఆ టైమింగ్ పెట్టింది నేను," అన్నాడు తిరుపాల్.

ఆ మాటతో ఆమె మొహంలో భయం సగం తగ్గింది. అది చూసి అతను బస్సులో పొడుగునా సంతోషపడ్డాడు.

శనివారం ఆ వీడియో ఊరంతా తిరిగింది. మోటారు మెకానిక్కుల సంఘం అధ్యక్షుడు హనుమంతు, మూడేళ్లుగా తిరుపాల్ షెడ్డు గడప తొక్కనివాడు, స్వయంగా వచ్చి ఆదివారం పదకొండు గంటలకు సన్మానం అని చెప్పి వెళ్లాడు. ఆ రాత్రికే తిరుపాల్ ఫొటోతో ఫ్లెక్సీ కట్టేశారు. ఫొటోలో అతని వెనక విమానం కూడా ఉంది. ఆ విమానం రెండు ఇంజిన్లది, ఎవరిదో, ఇంటర్నెట్‌లో దొరికింది.

ఆదివారం పొద్దున మంజు వీడియో తీసి తండ్రి చేతికిచ్చింది. తాను కళ్లు మూసుకుని నిలబడ్డ భంగిమ ఎలా ఉందో చూసుకుందామని తిరుపాల్ ఫోనును దగ్గరికి పెట్టుకున్నాడు. భంగిమ బాగానే ఉంది. కానీ తన మోచేతి పక్కన, ఇంజినులోంచి పొగ బయటికి పోయే గొట్టం ఎర్రగా ఉంది. మళ్లీ వెయ్యమన్నాడు. మసక వెలుతురులో గొట్టం మొదట్లో నల్లగా ఉండి, మూడో నిమిషానికి కొలిమిలో పెట్టిన కడ్డీలా ఎర్రబడింది. ఫ్యాను చూస్తున్నవాళ్లెవరికీ అది కనబడలేదు. కళ్లు మూసుకున్నవాడికి అసలే కనబడలేదు.

గొట్టం ఎర్రబడితే రవ్వ ఆలస్యంగా పడుతున్నట్టు. మంట లోపల చెయ్యాల్సిన పని చెయ్యక, బయటికి పోతూ గొట్టాన్ని కాలుస్తోందన్నమాట. ఈ పాఠం అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఆలస్యం రవ్వ ఇంజినును మెత్తగా పలికిస్తుందని, బలం తీసేస్తుందని కూడా అతనే చెప్పేవాడు.

తిరుపాల్ లేచి షెడ్డులోకి పోయి, మూలన పడున్న పాత స్కూటరు చక్రం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మీద టాప్ గీత ఉంది, రవ్వ గీత ఉంది. స్కూటర్లలో గీతలు చక్రం మీద ఉంటాయి, అవి తిరుగుతాయి. సూచిక మాత్రం ఒకచోట నిలబడి ఉంటుంది. ముందు రావాల్సిన గీత, చక్రం తిరిగే దిక్కులో ముందుకే ఉంటుంది. నలభై ఏళ్లుగా అతని చేతికి తెలిసిన 'ముందు' అదే. ఈశ్వరప్ప ఇంజినులో వ్యవహారం తిరగబడింది. అక్కడ గీతలు నిలబడ్డాయి, గాటు తిరుగుతోంది. హిందూపురం నుంచి పోయే బస్సులో పెనుకొండకు ముందు దిగమంటే సోమందేపల్లిలో దిగాలి. పెనుకొండ నుంచి ముందుకు పొమ్మంటే చెన్నేకొత్తపల్లికి చేరతాం. మాట ఒకటే, ఊర్లు వేరు. ఈశ్వరప్ప సోమందేపల్లి చెప్తే తాను చెన్నేకొత్తపల్లిలో చుక్క పెట్టొచ్చాడు. టాప్ గీతకు ఎడమన పెట్టాల్సింది కుడిన పెట్టాడు. ఇరవై ముందు పడాల్సిన రవ్వ ఇరవై వెనక పడుతోంది. లైటు పట్టి చూసింది కూడా తాను పెట్టిన చుక్కనే కాబట్టి, అది కుదరక ఏమవుతుంది.

తిరుపాల్‌కు భయం వేసింది. భయం కంటే ముందు సిగ్గు వేసింది, అది కూడా చెప్పుకోవాలి.

ఈశ్వరప్పకు ఫోను చేశాడు. గొట్టం ఎర్రబడిందని చెప్పేసరికే ఆయన నవ్వి, రోటరీ ఇంజిన్లకు గొట్టం కాలడం సహజగుణమని, పుస్తకంలో ఉందని, రెక్కలు విప్పే పనిలో ఉన్నానని చెప్పి పెట్టేశాడు. తిరుపాల్ ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆయనే సహజగుణం అన్నాడు. పుస్తకం అన్నది. ఇక ఎవరూ తనను అడగరు. ఏమైనా జరిగితే మాత్రం, ఎక్కడో పాత ఇంజిను, ఎక్కడో పాత సీలు అంటారు. ఈ ఆలోచన అతనికి అరగంట సేపు చాలా హాయిగా ఉంది. ఆ హాయిని చూసుకునే అతనికి తన మీద అసహ్యం పుట్టింది.

పదిన్నరకు స్పోకు లేకుండా, కాగితం మాత్రం జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. హనుమంతు మనుషులు అప్పటికే కుర్చీలు వేస్తున్నారు. మంజు అతని మొహం చూసి విషయం అడిగింది, చెప్పాడు.

"నాయనా, నీకు జ్వరం వచ్చిందని చెప్తా. నువ్వు పోయిరా."

తిరుపాల్ సరే అనబోయి ఆగాడు. ఈ రోజు జ్వరమైతే ఎల్లుండి శాలువా తప్పదు.

"వద్దులేమ్మా. మా నాయన టైమింగ్ తప్పు పెట్టినాడంట, సరిచేసేకి పోయినాడని చెప్పు. హనుమంతుకే చెప్పు, గట్టిగా చెప్పు."

ఆ మాట అన్నాక అక్కడ ఒక్క క్షణం కూడా నిలబడలేకపోయాడు. తన ఫ్లెక్సీ కింద నుంచే తల వంచుకుని బస్టాండుకు నడిచాడు.

పెనుకొండలో ఈశ్వరప్ప ఒక రెక్క విప్పి కింద పెట్టాడు, రెండోదాని బోల్టుల దగ్గర ఉన్నాడు. తిరుపాల్ చెప్పిందంతా విని, స్పానరు కింద పెట్టకుండానే తల అడ్డంగా ఊపాడు. లైటు పట్టి ఇద్దరం చూశాం కదా అన్నాడు. రేపు లారీ వస్తుంది, ఈ వారం దాటితే అనుమతి తేదీ పోతుంది, మళ్లీ ఎన్ని నెలలో అన్నాడు. టైమింగ్ విషయంలో నలభై ఏళ్లు తన మాటే ఒప్పని వాదించినవాడు, ఇప్పుడు తన పని తప్పని వాదించాల్సి వచ్చింది. తిరుపాల్‌కు ఆ వాదన అలవాటు లేదు. మాటలు తడబడ్డాయి.

"పదకొండేండ్లప్పా," అన్నాడు ఈశ్వరప్ప. ఆయన గొంతు పెరిగింది. "పదకొండేండ్లు. నీకేమో ఈ పొద్దు అనుమానం వచ్చినాది."

"అనుమానం కాదు సార్. తప్పు. నేనే చేసినా."

గొంతులు విని సుజాత లోపల్నించి వచ్చింది. ఆమె భర్త వైపు చూడలేదు. తిరుపాల్‌నే అడిగింది, మొన్న గేటు కాడ తనకు ఏం చెప్పావని. అతను తల దించుకుని, ఆ మాట కూడా తప్పేనని ఒప్పుకున్నాడు. ఆమె నిలబడి ఇద్దరి వాదనా మొదటి నుంచి విన్నది. డిగ్రీలు ఆమెకు అర్థం కాలేదు. ఒక్క మాట దగ్గర మాత్రం ఆపింది.

ధర్మవరంలో వాళ్ల పుట్టింట్లో మగ్గం గుంతలో కూర్చున్నవాళ్లకు, ముందు నేసిన చీర ఒళ్లోకి చుట్టుకుంటూ వస్తుంది. కళ్ల ముందు చాచి ఉన్నది ఇంకా నేయాల్సిన పడుగు. అక్కడ ముందు పోగు తెగింది చూడమంటే, ఎవరూ ఊరికే చెయ్యి పెట్టరు, నేసిన పక్కనా నేయాల్సిన పక్కనా అని అడిగి పెడతారు. చిన్నప్పుడు అడక్కుండా చెయ్యి పెట్టి ఆమె వీపు మీద ఒకటి తిన్నది కూడా.

"ముందంటే యాడ?" అని అడిగింది సుజాత. "ఆ పొద్దు ఎవరు యాడ అనుకున్నారో, ఇద్దరూ ఏలు పెట్టి చూపించండి."

ఈశ్వరప్ప విసుక్కుంటూనే వచ్చి, పట్టీ మీద టాప్ గీతకు ఎడమన, ఇరవై దగ్గర వేలు పెట్టాడు. తిరుపాల్ కుడిన, ఇరవై దగ్గర, ఎర్ర చుక్క మీద వేలు పెట్టాడు. రెండు వేళ్ల మధ్య జానెడు దూరం కూడా లేదు. ఈశ్వరప్ప తన వేలు చూసుకుని, అవతలి వేలు చూసి, తియ్యడం మరిచిపోయి అలాగే ఉండిపోయాడు.

తర్వాత వాదన లేదు. తిరుపాల్ చుక్క తుడిచి, ఎడమన కొత్తది పెట్టి, కాగితంతో మళ్లీ మొదటి నుంచి కుదిర్చాడు. మోకు కట్టారు, కాటా తగిలించారు. ఈశ్వరప్ప రెక్కల్లేని విమానంలో కూర్చుని పూర్తి వేగానికి తెచ్చాడు. ఈసారి ఇంజిను మెత్తగా పలకలేదు, గట్టిగా, మోటుగా అరిచింది. తిరుపాల్ కళ్లు తెరుచుకునే నిలబడి గొట్టం వైపు చూస్తూ ఉన్నాడు. గొట్టం నల్లగానే ఉంది. కూసం పక్కన మట్టి కదిలి పగిలింది. కాటా ముల్లు రెండు వందలు దాటి ఐదు దగ్గర నిలబడింది. అదే కాటా, అదే పాతది.

ఈశ్వరప్ప దిగి వచ్చి, జేబులోంచి కాగితం తీసి నూట ముప్పై వేసి లెక్క చూశాడు. తాను ఎగరాల్సిన రన్‌వే ఎనిమిది వందల మీటర్లు, చివర రాతిగోడ, గోడ అవతల కరెంటు తీగలు. లెక్క పూర్తి చెయ్యకుండానే కాగితం మడిచేశాడు. కళ్లజోడు తీసి చొక్కాతో చాలాసేపు తుడిచాడు. తిరుపాల్‌ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తిరుపాల్‌కు అనిపించింది.

కొంతసేపటికి ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది. రెండు వందల ఐదు అని ఈశ్వరప్ప తనలో తాను అనుకున్నాడు. ఆ అంకె ఆయన మొహాన్ని మెల్లగా వెలిగించింది. రెండో రెక్క సాయంత్రం లోపల విప్పేస్తే రేపు లారీకి ఇబ్బందేమీ లేదన్నాడు. తిరుపాల్ తానూ ఒక చెయ్యి వేస్తానని చొక్కా చేతులు మడిచాడు. గుండె మీద బరువు దిగింది. ఇక ఈ పూటకే పని ముగించి ఇంటికి పోవచ్చని, హనుమంతుకు మొహం చూపించే సంగతి దారిలో ఆలోచించుకోవచ్చని అనుకున్నాడు.

సుజాత కదల్లేదు. విమానం పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఇట్ల అడక్కుండా ఇంకా ఎన్ని మాటలు అనుకున్నారు మీరిద్దరూ?" అంది.

ఆమె గొంతులో కోపం లేదు, అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడిగింది. ఈశ్వరప్ప ఏదో చెప్పబోయి, పదకొండేళ్లలో ఈ షెడ్డుకు వచ్చిపోయిన వెల్డరు, లేతు మనిషి, వైరింగు మనిషి, ఒక్కొక్కరికి తాను పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయో ఏమో, ఆపేశాడు. ఫోను తీసుకుని బయటికి పోయాడు. లారీ వాడికి రేపు వద్దని, ఎప్పుడన్నది తరవాత చెప్తానని ఆయన చెప్పడం లోపలికి వినబడింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన వయసు ఇంకో పదేళ్లు పెరిగినట్టు నడిచాడు.

ప్రతి భాగాన్నీ ఒకరినొకరు అడిగి మళ్లీ చూసుకోవడం పెట్రోలు పైపుతో మొదలుపెట్టారు. ట్యాంకు కింద చిన్న ఇత్తడి కొళాయి ఉంది. గాలిలో మంట లేస్తే పెట్రోలు ఆపడానికి ఉన్నది అదొక్కటే. తిరుపాల్ జీవితంలో అలాంటివి వెయ్యి తిప్పి ఉంటాడు. అలవాటుగా చెయ్యి చాచాడు, వేళ్లు ఇత్తడికి తగిలాయి కూడా. అక్కడే ఆపుకున్నాడు.

"సార్," అన్నాడు, "మూసేదంటే ఎటు పక్క?"

ఈశ్వరప్ప జవాబు చెప్పడానికి నోరు తెరిచి, చెప్పకుండా వంగి, ఇత్తడిని రెండు పక్కలా తిప్పి చూడసాగాడు.